షాగిర్దు పని యంత్రానికి పోతే

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు మాకు ఇచ్చిన విషయము "ఏఐ వచ్చింది, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఉంటాయా పోతాయా" అన్నది. మేము ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు చెప్పుకునే వారము, కోడు రాసి జీతం తీసుకున్న వారము కాము. అయితే మా దగ్గర చదివిన పిల్లలు చాలామంది ఈ పనిలోకి పోయినారు. సెలవులకు ఊరికి వచ్చినపుడు కూర్చుని చెబుతారు. మేము వింటాము, అర్థం కానిది మళ్ళీ అడుగుతాము, విన్నది పత్రికలలో, నివేదికలలో సరిచూసుకుంటాము. ఆ విన్నదీ చదివినదీ కలిపి ఈనాడు మీ ముందు పెడుతున్నాము. ఉంటాయా పోతాయా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు మా వద్ద లేదు. అసలు ఆ ప్రశ్నే సరిగా లేదని మా అభిప్రాయము. ఏ పని పోతున్నది, ఎవరి చేతిలోని పని పోతున్నది అని అడగవలె.

ఈ గొడవ మనకెందుకు అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. ముప్పై యేండ్ల క్రితం మన కర్నూలులో చదువుకున్న మన పిల్లవాడంటే టీచరు, కాకపోతే ఆర్టీసీలో కండక్టరు, అదీ కాకపోతే గల్ఫ్ వీసా. ఇంజనీరు అన్న మాట మన వీధులలో వినపడడమే అరుదు. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషను, 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చిన తరువాత మెకానిక్కు కొడుకు, దర్జీ కూతురు, తోపుడుబండి మీద పండ్లమ్మే ఆయన మనుమడు బీటెక్ చదవగలిగినారు. వాళ్ళలో ఎక్కువమంది చేరిన గట్టు ఒక్కటే, హైదరాబాదు సాఫ్ట్‌వేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన చోట 2022-23 నాటికి తెలంగాణ ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలకు, ఉద్యోగాలు 9,05,715కు చేరినవి. అంత పెద్ద లెక్కలు మనకు అక్కర లేదు. మన వీధులలో రెండో అంతస్తు లేచిన ఇండ్లు చూడండి, ఆ ఇటుకలు ఎక్కడి నుండి వచ్చినవో అందరికీ తెలుసు. సంబంధాలు మాట్లాడేవారు కూడా ఈమధ్య ఖాందాన్ కంటే ముందు ప్యాకేజీ అడుగుతున్నారు.

కాబట్టి ఆ గట్టుకు కోత పడుతున్నదంటే మన ఇండ్లలో గుబులు పుట్టడం సహజము.

ముందు ఆ యంత్రము సంగతి. యంత్రమంటే ఇనుపది కాదు, అదీ ఒక ప్రోగ్రామే. గిట్‌హబ్ కోపైలట్ అన్నది 2021 జూన్‌లో పరీక్షకు వచ్చి, 2022 జూన్‌లో నెలకు పది డాలర్ల చందాతో అందరికీ దొరికినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినది. ఆ తరువాత కర్సర్, క్లాడ్ కోడ్ వంటివి వరుసగా వచ్చినవి. ఇవి పని చేసే తీరును మా విద్యార్థి ఒకడు ఇట్లా చెప్పినాడు. లోకంలో బహిరంగంగా పెట్టి ఉన్న కోడును, పుస్తకాలను, ప్రశ్నలు జవాబులను ముందుగానే లెక్కలేనంత చదువుకొని ఉంటుంది. మనం రెండు వరుసలు రాస్తే, మూడో వరుసలో ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశమున్నదో లెక్కగట్టి అది పెడుతుంది. మాకు వెంటనే అర్థమైనది. మా తరగతిలో ఇట్లాంటి వాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. పదేండ్ల ప్రశ్నపత్రాలు కంఠతా పెట్టి, ప్రశ్న సగం చదవగానే జవాబు రాసేస్తారు. నూటికి ఎనభై సరిపోతుంది. సరిపోని ఇరవై కూడా అంతే ధీమాగా, అంతే అందమైన దస్తూరితో రాస్తారు. దిద్దేవాడికి కష్టం అక్కడ.

అయితే అంతటితో తీసిపారేయడానికి వీల్లేదు. 2025 నాటికి ఈ యంత్రాలు కోడు చెప్పి ఊరుకోవడం లేదు. ఫైళ్ళు తామే తెరిచి, రాసి, నడిపి చూసి, తప్పు వస్తే ఆ తప్పు చదివి మళ్ళీ దిద్దుకుంటున్నవి. కావలసినది మాటల్లో చెప్పి, లోపలి కోడు చదవకుండానే పని కానిచ్చే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పాతీ అనే శాస్త్రజ్ఞుడు 'వైబ్ కోడింగ్' అని పేరు పెడితే, ఆ యేడు కాలిన్స్ నిఘంటువు వారు దానినే సంవత్సరపు పదంగా ఎంచినారు. గూగుల్‌లో కొత్త కోడులో నాల్గవ వంతుకు పైగా ఏఐ తయారుచేసి ఇంజనీర్లు సరిచూస్తున్నదేనని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పినారు. మైక్రోసాఫ్ట్‌లో 20 నుండి 30 శాతం దాకా అన్నారు మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల, 2025 ఏప్రిల్‌లో. అదే యేడు మే, జూలై నెలలలో ఆ సంస్థ సుమారు 15 వేల మందిని తగ్గించుకున్నది. ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చదివి మన ఇండ్లలో తల్లులు నిద్ర పోవడం లేదు.

కాని పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణము కానక్కరలేదు. లెక్కల మాస్టరుగా మేము ఇక్కడ ఒక్క నిమిషం ఆగవలె. ఫేస్‌బుక్ వారి మెటా సంస్థ 11 వేల మందిని తీసివేసినది 2022 నవంబరు 9న. చాట్‌జీపీటీ లోకానికి తెలిసినది అదే నెల 30న. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అన్నప్పటికి ఈ యంత్రాలు ఇంకా పాకుతున్న పసిపిల్లలు. అసలు సంగతి వేరే. కరోనా యేండ్లలో అమెరికాలో అప్పు దాదాపు వడ్డీ లేకుండా దొరికినది, ఇంటి నుండి అన్నీ కంప్యూటరులోనే జరిగినవి, కంపెనీలు ఎగబడి మనుషులను చేర్చుకున్నవి. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న అక్కడి వడ్డీ రేటు 2023 జూలైకి 5.25-5.50 శాతానికి పోయినది. దానితో చేతులు ముడుచుకున్నారు. వాళ్ళు అక్కడ చేయి ముడిస్తే ఇక్కడ మన పిల్లలకు ఆఫర్ లెటరు ఆగుతుంది. ఇన్ఫోసిస్ 2021-22లో 85 వేల మంది కొత్తవారిని తీసుకున్నది, 2023-24లో 11,900 మందిని. ఈ పడిపోవడంలో ఏఐ పాలు ఎంత? చాలా కొంచెమని మా లెక్క. 2025 జూలైలో టీసీఎస్ 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామన్నపుడు కూడా ఇది ఏఐ వల్ల కాదనే దాని అధిపతి చెప్పినారు. అందులో ఎక్కువగా పోయినది మధ్య, పై స్థాయి వారు.

మరి యంత్రము నిజంగా చేస్తున్నదేమి? ఇది తెలుసుకోవడానికి మన కంపెనీలు దేన్ని అమ్ముతున్నాయో చూడవలె. ఇంతకాలము అమ్మినది మనుషుల గంటలు. ఇంతమంది, ఇన్ని గంటలు, గంటకు ఇన్ని డాలర్లు అని బిల్లు. ఇపుడు అమెరికా ఖాతాదారుడు "మీ వాళ్ళ చేతిలో యంత్రముంది గదా, గంటలు తగ్గవలె, బిల్లు తగ్గించండి" అంటున్నాడు. బిల్లు తగ్గితే ముందు తగ్గేది ఎవరు? ఖాతాదారుతో మాట్లాడేవాడు ఉండవలె, మొత్తం ఇల్లు కట్టడం తెలిసినవాడు ఉండవలె. ఇటుకలు మోసేవాడిని తగ్గిస్తారు.

గచ్చిబౌలిలో పనిచేసే మా విద్యార్థి ఒకడు పండుగకు వచ్చి చెప్పినాడు. అతని బృందములో మునుపు ఇద్దరు పెద్దవాళ్ళు, నలుగురు కొత్తవాళ్ళు. ఆ నలుగురి పని చిన్న చిన్న తప్పులు దిద్దడం, ఫారములో ఫోన్ నంబరు పది అంకెలున్నదా లేదా చూసే కోడు రాయడం, టెస్టులు రాయడం, ఇతరులు రాసినది చదివి పత్రము తయారుచేయడం. "మాస్టర్ సాబ్, ఆ పనంతా ఇప్పుడు మధ్యాహ్నం టీ తాగే లోపల యంత్రంతో చేయించుకుంటున్నాను. ఇద్దరు మానుకుపోతే వాళ్ళ చోట ఎవర్నీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు" అన్నాడు. నీ పని తగ్గిందా బేటా అని అడిగినాము. "తగ్గడమా! రాసేది తగ్గింది, చదివేది నాలుగింతలైంది. యంత్రం రాసిన ప్రతి వరుసకీ సంతకం నాది గదా" అన్నాడు.

ఈ మాటకు అమెరికా లెక్కలలో కూడా సాక్ష్యమున్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో జీతాల పట్టీలు తిరగేసి చూసినారు. 22 నుండి 25 యేండ్ల వయసున్న సాఫ్ట్‌వేరు డెవలపర్ల ఉద్యోగాలు, 2022 చివరి నాటి పైమెట్టు నుండి 2025 జూలైకి దాదాపు 20 శాతం తగ్గినవి. వయసులో పెద్దవారివి అట్లా తగ్గలేదు. అంటే దెబ్బ చెట్టు మీద కాదు, నారుమడి మీద పడుతున్నది.

ఇక్కడ మాకు మన కాతిబులు గుర్తుకు వస్తారు. ఇది మా ఉర్దూ వాళ్ళ కథ కనుక కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఉర్దూ పత్రిక అంటే ఒకప్పుడు మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చేతిరాతే. కాతిబు వెదురు కలము సిరాలో ముంచి కాగితం మీద నస్తాలీఖ్‌లో రాస్తే, దాన్ని రాతి ముద్రకో ఆఫ్‌సెట్‌కో పంపేవారు. పిల్లవాడు ముందు తఖ్తీ మీద మష్ఖ్ చేసేవాడు, నెలల తరబడి అలిఫ్, బే. చేయి కుదిరిన తరువాత ఉస్తాదు అతనికి లోపలి పేజీల చిన్న వార్తలు, ధరవరలు, ప్రకటనలు ఇచ్చేవాడు. పెద్ద శీర్షిక, సుర్ఖీ, అది ఉస్తాదు చేయి. చిన్న వార్తలకు దొరికే కొద్ది డబ్బుతో షాగిర్దు బతుకుతూ పదేండ్లకు తానే ఉస్తాదయ్యేవాడు.

1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్ వచ్చినది. లాహోరులో జంగ్ పత్రిక ఆ అక్షరాలతో కంప్యూటరు మీద కూర్చబడినది. 1994లో మన దేశములోనే తయారైన ఇన్‌పేజ్ వచ్చి మామూలు కంప్యూటరు మీద కూడా ఆ పని సాధ్యము చేసినది. మొదట పోయినవి ఏవి? లోపలి పేజీలు, చిన్న వార్తలు. సుర్ఖీ మాత్రము చాలా పత్రికలలో ఇంకా కొన్నేండ్లు చేతితోనే రాసినారు. మాకేమి భయము, పెద్ద పని మా దగ్గరే ఉన్నది అని ఉస్తాదులు అనుకున్నారు. ఆ మాట అబద్ధమూ కాదు. కాని చిన్న వార్తలు పోవడంతో షాగిర్దులకు కూడు లేకపోయినది, కూడు లేక రావడం మానుకున్నారు. ఉస్తాదులు ముసలివారై వెళ్ళిపోయినారు. ఆ కుర్చీలలో కూర్చోవడానికి ఎవరూ తయారు కాలేదు. 1927లో మద్రాసులో మొదలైన ముసల్మాన్ వంటి పత్రిక ఈ శతాబ్దములో కూడా చేతిరాతతో నడిచినదంటే దేశదేశాల వారు వింతగా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. వింత అయిపోవడమంటేనే పని పోవడము.

కాతిబు కలాన్ని లాక్కున్నది సాఫ్ట్‌వేరే. ఇప్పుడు సాఫ్ట్‌వేరు రాసేవాడి దగ్గరకు వచ్చినది. ఇందులో సంతోషించవలసినది ఏమీ లేదు గాని, చరిత్ర మాత్రం చూసుకోవలె.

మా విద్యార్థులలో చురుకైన ఒకడు దీనికి అడ్డు చెప్పినాడు. "1957లో ఐబీఎం వారి ఫోర్‌ట్రాన్ వచ్చినపుడు కూడా ఇట్లే అన్నారు సార్. అంతకుముందు యంత్రభాషలో అంకెలతో రాసేవాళ్ళు. ఆ కొత్త పద్ధతిని ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అనే పిలిచేవాళ్ళు. ప్రోగ్రామర్లు తగ్గలేదు, వేలు లక్షలైనారు." మంచి మాట. పని తేలికైతే పని అడిగేవారు పెరుగుతారన్నది నిజము. ఆస్పత్రి, దుకాణము, బడి, ఇంతకాలము సాఫ్ట్‌వేరు చేయించుకునే స్తోమతు లేనివారు రేపు చేయించుకోవచ్చు. అయితే తేడా ఒకటున్నది. ఫోర్‌ట్రాన్ అనువాదకుడు. ఇచ్చినదాన్ని ప్రతిసారీ ఒకే రీతిగా మారుస్తుంది, కొత్తవాడు కూడా దాన్ని నమ్మి ముందుకు పోవచ్చు. ఈ యంత్రము ఒకే ప్రశ్నకు పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఒక జవాబు ఇస్తుంది. లోకంలో లేని లైబ్రరీ పేరు ఉన్నట్టే చెబుతుంది. 2025 జూలైలో రెప్లిట్ అనే సంస్థ వారి యంత్రము, ఏ మార్పూ చేయవద్దని చెప్పి ఉన్నా, ఒక వ్యాపారి నడుపుతున్న డేటాబేసును చెరిపివేసినది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. అంటే దీన్ని వాడడానికి దీనికంటే ఎక్కువ తెలిసినవాడు కావలె. ఆ ఎక్కువ తెలియడం ఎక్కడ నేర్చుకుంటారు? ఏ చిన్న పనిలో నేర్చుకునేవారో ఆ చిన్న పనినే అది తీసుకున్నది.

తెలిసినవారికి కూడా ఇది కన్ను కప్పుతుంది. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులతో, వారు యేండ్లుగా చూస్తున్న సొంత కోడు మీదనే, 246 పనులు చేయించి గడియారం పెట్టి చూసినది. యంత్రము ఉంటే 24 శాతం సమయము కలిసి వస్తుందని ముందుగా వారు అనుకున్నారు. పని అయిన తరువాత 20 శాతం కలిసి వచ్చిందన్నారు. గడియారము చెప్పినది 19 శాతం ఎక్కువ పట్టిందని! ఆ తరువాత యంత్రాలు ఇంకా మెరుగైనవి కనుక ఈ లెక్క అందరికీ ఎప్పటికీ అని చెప్పము. తన వేగము తనకే తెలియకపోవడము మాత్రము గమనించదగినది. అదే యేడు స్టాక్ ఓవర్‌ఫ్లో వారు డెవలపర్లను అడిగితే నూటికి 84 మంది వాడుతున్నాము లేదా వాడబోతున్నాము అన్నారు, 46 మంది దాని జవాబు నిజమని నమ్మము అన్నారు. నమ్మకపోయినా వాడక తప్పని స్థితి.

ఇప్పుడు మన అమీర్‌పేట సంగతి చెప్పక తప్పదు. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూసినారు గదా. మునుపు జావా, డాట్ నెట్, టెస్టింగ్ టూల్స్ అని ఉండేవి, ఇప్పుడు వాటి మీదే జెన్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజనీరింగ్ అని కొత్త రంగు వేసినారు. అక్కడ మంచి గురువులు లేరని మేము అనము. మన పిల్లలు ఎందరో అక్కడి బల్లల మీదనే నిలదొక్కుకున్నారు. కాని మూడు నెలలలో నేర్పగలిగినది, అంటే ఏ మీట నొక్కితే ఏమి వస్తుంది అన్నది, సరిగ్గా అదే యంత్రానికి బాగా వచ్చు. లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే దుకాణాల జోలికి మాత్రం దయచేసి పోకండి. అది మోసము, పైగా ఈ రోజుల్లో పట్టుబడడం చాలా సులువు.

పోయిన యేడు బీటెక్ అయిన ఒక పిల్లవాడు మా వద్దకు వచ్చినాడు. నాలుగు ప్రాజెక్టులు చూపించినాడు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నవి. ఇంటర్వ్యూలో ఏమైంది అంటే తల వంచుకున్నాడు. "ఈ వరుస ఎందుకు రాశావు, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడిగారు సార్. నాకు తెలీదు. అది నేను రాయలేదు గదా." ఆ నాలుగు ప్రాజెక్టులు రాసినది యంత్రము. పిల్లవాడు మంచివాడు, మెహనతీ. అయితే అతని మెహనతు అంతా అడగడంలో పోయినది, తెలుసుకోవడంలో కాదు.

దీనికి తిరుగు వైపు కూడా మేము చూసినాము. ఉర్దూ మీడియంలో చదివిన మన పిల్లలకు ఇంగ్లీషులో వచ్చే తప్పుల వరుస చూస్తేనే చెమటలు పడతాయి. పక్కవాడిని అడగడానికి సిగ్గు. ఇప్పుడు అదే యంత్రాన్ని ఉర్దూలోనో తెలుగులోనో "ఈ తప్పు ఏమంటున్నది, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు, జవాబు మాత్రం రాయవద్దు" అని అడగవచ్చు. రాత్రి పన్నెండు గంటలకు కూడా విసుక్కోకుండా చెబుతుంది. మేమైతే అంత ఓర్పు గల మాస్టరును చూడలేదు, మమ్మల్ని కూడా కలుపుకొని. ఇదే యంత్రముతో ఒక అమ్మాయి డేటాబేసు పాఠాలు మొత్తం నేర్చుకున్నది. తాను రాసినది దానికి చూపి తప్పులు పట్టమన్నది. ఇదే యంత్రముతో పై పిల్లవాడు ఏమీ నేర్చుకోలేదు.

అమ్మాయిల మాట వచ్చినది కనుక ఒకటి. 2020, 2021లలో ఇంటి నుండి పని అన్నపుడు మన ఊళ్ళోనే కూర్చుని మన ఆడపిల్లలు ఉద్యోగాలు చేసినారు. హైదరాబాదులో హాస్టలుకు పంపడానికి ఒప్పుకోని నాన్నలు కూడా ఒప్పుకున్నారు. వాళ్ళలో చాలామందిది టెస్టింగు పని. 2023 నుండి పెద్ద కంపెనీలు ఆఫీసుకు రమ్మని పిలవడం మొదలుపెట్టినవి. ఒకవైపు ఆ పిలుపు, రెండోవైపు టెస్టింగు మీద యంత్రము, రెండు వైపుల నుండి తగిలినది వాళ్ళకే. ఇంట్లో ఊరికే కూర్చున్న ఇంజనీరు ఆడపిల్లలు మన వీధులలో ఎంతమంది ఉన్నారో సంఘము ఒకసారి లెక్క తీస్తే బాగుంటుంది. పెద్దలు ముందు ఆ లెక్క చూసి, ఆ తరువాత వారి నాన్నలతో మాట్లాడవలె.

అమెరికా తలుపు కూడా బరువైనది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నారు. మరోవైపు విదేశీ కంపెనీలు ఇక్కడే సొంత కేంద్రాలు పెట్టుకుంటున్నవి. 2024 నాటికి దేశములో 1,700కు పైగా, వాటిలో 19 లక్షల మంది. హైదరాబాదుకు మంచి వాటాయే వచ్చినది. కాని వాటి ప్రకటనలు చదవండి. మూడేండ్ల అనుభవము, ఐదేండ్ల అనుభవము. ఆ మొదటి మూడేండ్లు ఎక్కడ సంపాదించవలెనో ఎవరూ చెప్పరు.

మేము చెప్పదలచినది ఇదే. ఇంతకాలము పిల్లవాడి మొదటి రెండేండ్ల నేర్పును కంపెనీ జీతమిచ్చి నేర్పేది. జీతము గొప్పది కాదు, పదేండ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే కదలకుండా ఉన్నది. అయినా నేర్పేది. ఇప్పుడు ఆ రెండేండ్ల ఖర్చు కంపెనీ భుజము దిగి ఇంటి భుజము ఎక్కినది. ఉన్నవాళ్ళ ఇండ్లు మోస్తాయి. బీటెక్ అయిన కొడుకును ఇంకో రెండేండ్లు కూర్చోబెట్టి తిండి పెట్టి నేర్పించుకుంటాయి. మన ఇండ్లు మోయలేవు. నాలుగేండ్లు ఎదురు చూసిన తల్లికి ఐదో యేడు జీతము కావలె. అందుచేత తొందరపడి కోర్సు ఫీజు కట్టడము, లేకపోతే చదివినదానికి సంబంధము లేని పనిలోకి పోవడము జరుగుతున్నది.

మన సంఘము కొన్నేండ్లుగా బీటెక్ పూర్తి చేసినవారికి హైదరాబాదు కోర్సు ఫీజులో సగము ఇస్తున్నది. మంచి ఉద్దేశముతో పెట్టినది, ఎందరికో ఉపయోగపడినది. కోశాధికారి గారు కోపగించుకోరాదు, ఆ పద్దును ఈ యేడు మార్చుకోవలెనని మా విజ్ఞప్తి. ఆ డబ్బు మూడు నెలల కోర్సుకు కాక, గట్టిగా నేర్చుకుంటున్న పిల్లలకు పన్నెండు నెలల పాటు చిన్న నెలసరి భత్యముగా ఇవ్వండి. పదిహేను మందికి కాక నలుగురికే వస్తుందని అభ్యంతరము రావచ్చు. వస్తుంది కూడా. మేము నలుగురి వైపే ఉన్నాము. వాళ్ళకు షరతు ఒక్కటే, వారానికొకసారి ఇతరులు రాసిన కోడు పెద్దల ముందు చదివి, ప్రతి వరుస ఎందుకున్నదో చెప్పవలె. రాయడం యంత్రము నేర్చినది, చదివి తప్పు పట్టడం మనిషికి మిగిలిన పని. మా లెక్కల తరగతిలో కూడా మేము ఇదే చేస్తాము. తప్పు చేసిన లెక్కను బోర్డు మీద వేసి, ఎక్కడ జారినదో పట్టుకోమంటాము.

ఇంకొక దారి ఓపెన్ సోర్సు అని మా పిల్లలే చెప్పినారు. లోకమంతా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేరులో ఎవరైనా ఒక చిన్న తప్పు దిద్ది పంపవచ్చు, అక్కడి పెద్దలు చూసి ఒప్పుకుంటారు, లేకపోతే కారణము చెప్పి తిప్పి పంపుతారు. జీతము లేని షాగిర్దీ అన్నమాట. అయితే యంత్రముతో రాయించి చదవకుండా పంపేవాళ్ళతో వారు విసిగిపోయి ఉన్నారు. కర్ల్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరును చూసుకునేవారు ఈ చెత్త ఫిర్యాదుల గురించి 2025లో బహిరంగంగానే మొత్తుకున్నారు. మన పిల్లలు ఆ గుంపులో చేరరాదు. ఉర్దూ, తెలుగు అక్షరాలు తెర మీద సరిగా రాకపోవడం వంటి తప్పులు మనకే కనపడతాయి, అక్కడి నుండి మొదలుపెట్టవచ్చు.

పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అందరూ కంప్యూటర్ సైన్సే అని పట్టుబట్టకండి. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి ఆ సీట్లు పెంచుకున్నవి, అది వారి వ్యాపారము. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడిని పంపండి. ఇష్టము లేనివాడిని పంపితే నాలుగేండ్లు యంత్రమే చదువుతుంది, వాడు చదవడు.

ఈ నెల చివరి ఆదివారము ఉదయము పది గంటలకు మా పాఠశాల కంప్యూటరు గదిలో మొదటిసారి కూర్చుంటున్నాము. హెడ్‌మాస్టరు గారు తాళము ఇస్తామన్నారు. గచ్చిబౌలి నుండి ఇద్దరు వస్తామన్నారు, బెంగుళూరులో ఉన్న అమ్మాయి ఫోనులోనే కూర్చుంటానన్నది. పనిచేసే కంప్యూటర్లు ఆరున్నవి, ఇద్దరికొకటి చొప్పున సర్దుతాము. ల్యాప్‌టాపు ఉన్నవారు తెచ్చుకోవచ్చు. ఆడపిల్లలతో తల్లులు వచ్చి కూర్చోవచ్చు, పక్క గది తెరిచి ఉంచుతాము. సంఘము నిర్ణయము ఏదైనా ఈ ఆదివారాలు మాత్రము జరుగుతాయి. పేర్లు కార్యదర్శి గారి వద్ద రాయించండి, ఫీజు ఏమీ లేదు.